పనిముట్టునకు తగిన కామ

సంఘపు దుకాణమునకు వచ్చి పారనుగాని గొడ్డలినిగాని కొను రైతు ముందుగా ఇనుమును చూచును. అంచును గోటితో తాకి, వ్రేలితో తట్టి మ్రోత విని, పిదప వెల అడుగును. కామ సంగతి వచ్చునప్పటికి గోడకు చేరవేసిన కట్టలోనుండి చేతికందినదానిని లాగికొని పోవును. కామ విరిగినచో మరియొకటి దొరకునని ఆయన తలంపు. అయితే దినమంతయు ఎత్తి దింపు పనిలో మనిషి నడుమునకును మణికట్టునకును అరచేతికిని కలుగు సుఖమైనను బాధయైనను ఆ కర్రనుబట్టియే యుండును. కావున దానిని ఎన్నుకొను విధమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మన ప్రాంతములలో కామలకు నల్లతుమ్మ మిక్కిలి వాడుకలో నున్నది. చేవ భాగము గట్టిది, దెబ్బకు ఓర్చును. పైనున్న తెల్లని భాగమును పురుగు తొలుచును. అందువలననే పెద్దలు తుమ్మమొద్దులను కొన్ని వారములు చెరువునీట నానవేసి, తీసి నీడన ఆరబెట్టుచుండిరి. ఆ పద్ధతిని ఇప్పటికిని విడువరాదు. అడవి చేరువ గ్రామములవారికి చిరుమాను తెలిసినదే. గొడ్డలికి అంతకంటె మంచిది అరుదు. దెబ్బ తగిలినపుడు కొంచెము వంగి మరల నిలుచును. చింత గట్టిదే గాని బరువు. దాని పోగులు మెలిక తిరిగియుండుటచే చెక్కుట కష్టము. సరుగుడు చౌకగా దొరకును గాని ఎండకు చీలును. గట్టి వెదురు తేలికైనది. గడ్డి దువ్వుటకు, చెత్త లాగుటకు చాలును గాని నేల త్రవ్వుటకు కాదు.

జాతి ఎంత మంచిదైనను పోగు తిన్నగా లేని కర్రను తీసికొనరాదు. కామను కన్నుల యెత్తున పట్టుకొని ఒక కొననుండి రెండవ కొనవరకు పోగు గీతలను చూడవలయును. గీత మధ్యలో ప్రక్కకు తిరిగి అంచున బయటపడినచో విరుగుడు అక్కడనే. ముడి ఎక్కడనున్నను లోపమే. అది బెజ్జమునకు జానెడు దూరములోపల నున్నచో ఆ కామను వెంటనే తిరిగి ఇచ్చివేయుడు, బలమంతయు అచ్చటనే పడును గదా. రంగు పూసిన కామలను మేము మెచ్చము. రంగుక్రింద ముడియును చీలికయు దాగును. చెమటచేతికి జారును, బొబ్బలును లేచును. చిత్రిక పట్టిన కర్రకు అవిసెనూనె రుద్ది ఆరనిచ్చినచో అంతకంటె మేలు.

పచ్చికర్రతో కామ వేయుట మనలో పెద్ద దురలవాటు. వేసిననాడు బిగువుగానే యుండును. ఎండిన కొలది కర్ర కుదించుకొని తల వదులగును. అప్పుడు పారను రాత్రియంతయు నీటితొట్టిలో పెట్టుదురు. కర్ర ఉబ్బి బిగియును, నిజమే. కాని బెజ్జములో ఉబ్బుటకు చోటులేక పోగులు నలిగి, మరల ఎండినపుడు మునుపటికంటె వదులగును. ఆ స్థితిలో గొడ్డలి తల ఊడి ఎదుటివానిపై పడినచో ప్రాణాపాయము. వదులైన కామను తీసి, ఎండిన కర్రతో మరల బిగించుటకంటె వేరుదారి లేదు.

బిగించుటలో రెండు పద్ధతులున్నవి. ఒక కొన లావుగా చెక్కిన కామను బెజ్జముగుండా పైనుండి దూర్చి, ఆ లావు కొనవద్ద తలను ఆపుట యొకటి. విసరిన ప్రతిసారియు తల లావు వైపునకే పోవుటచే తనంతట తానే బిగియును. రెండవది, క్రిందినుండి దూర్చి, కొనను చీల్చి చీల దిగగొట్టుట. దీనికి ఎండిన గట్టికర్ర చీల కావలయును. చీలకు బదులు మేకు కొట్టువారు కర్రను తామే చీల్చుకొనుచున్నారు.

ఇక పొడవు. ఈ విషయమై అమెరికాలో న్యాయస్థానము వరకు పోయిరి. కాలిఫోర్నియా రాష్ట్రమున సలీనాస్ లోయ మొదలగు చోట్ల ఆకుకూర, చక్కెరదుంప చేలలో కూలీలచేత రెండడుగులకు మించని కురుచకామ పారలతో పని చేయించెడివారు. దినమంతయు నడుము వంచియే యుండవలసి వచ్చెడిది. పొడవు కామతో లేతమొక్కలు చెడునని యజమానులు వాదించిరి. నడుమెత్తి నిలబడినవాడు పనిచేయుట లేదని దూరమునుండియే తెలియుటకే ఆ కురుచకామ యని కూలీలు చెప్పుకొనిరి. వెన్నుపూస శాశ్వతముగా చెడుచున్నదని వైద్యులు సాక్ష్యమిచ్చిరి. 1975లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము కూలీల పక్షమున తీర్పు చెప్పగా, ఆ యేటనే కురుచకామ పార నిషేధింపబడినది.

దీనినిబట్టి పిడులన్నియు పొడవుగా నుండవలెనని కాదు. కూర్చుండి కలుపుతీయు తొలికకు, కోతకొడవలికి చిన్నపిడియే తగును. నిలబడి చేయు పనికి మాత్రము, పనిచేయువారు నిలబడి రెండు చేతులు వాడుకప్రకారము పెట్టి, పార అంచును నేలకు ఆనించి చూచుకొనవలయును. నడుము ఎక్కువగా వంగవలసివచ్చినచో ఆ కామ వారికి కురుచ. అన్నదమ్ములిద్దరికైనను ఒకే పొడవు సరిపోవునని చెప్పలేము.

లావు విషయములో పట్టియే చూడవలయును. పిడికిలి మూసినపుడు బొటనవ్రేలు చూపుడువ్రేలి కొనను దాటి కొంచెము పైకి రావలయును. పెద్దచేతికి 1½ అంగుళము, చిన్నచేతికి 1¼ అంగుళము సుమారుగా సరిపోవును. దుకాణములలోని కామలు మగవారి చేతినిబట్టి చెక్కినవే. ఆ పారలనే చేలలో ఆడకూలీలకు ఇచ్చుచున్నాము. లావు కామను జారకుండ పట్టుటకు బలమంతయు పిడికిలికే పోవును, సాయంకాలమునకు వ్రేళ్లు ముడుచుకొనవు. పని నెమ్మదించినదని వారిని గద్దించు రైతు ఒకసారి ఆ కామను వడ్రంగిచేత పలుచన చేయించి చూచిన బాగుండును.

సంఘములు మొత్తముగా కామలు కొనునప్పుడు ఒకే కొలత తెప్పించుట లెక్కకు సులభమే. మా అభిప్రాయము మాత్రము వేరు. రెండు లావులు, మూడు పొడవులు ఉంచి, తలలు బిగింపకయే అమ్మి, ఎన్నుకొనుటకు పనిచేయువారినే దుకాణమునకు రానీయవలయును. నిలువ కామలను తడి తగులని నీడచోటున, నేలకు ఎత్తుగా, పడుకొనబెట్టి యుంచుడు. గోడకు ఏటవాలుగా నిలిపినచో వర్షకాలము గడచునప్పటికి సగము వంగియుండును.