పొయ్యి కొనబోవు ముందు

కృష్ణానది దక్షిణ తెలంగాణపు మెట్ట నేలల అంచున ప్రవహించుచున్నది. దానిపై పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో జూరాల యొద్దను, నల్లమల కొండల నడుమ శ్రీశైలము యొద్దను, నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరము యొద్దను ఆనకట్టలు గలవు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. అచ్చటి ప్రధాన విద్యుత్కేంద్రములో ఎనిమిది యంత్రములు గలవు. అవి యన్నియు పూర్ణశక్తితో తిరిగినచో దాదాపు 816 మెగావాట్ల విద్యుచ్ఛక్తి, అనగా 81 కోట్ల 60 లక్షల వాట్లు పుట్టును.

అట్టి శక్తి మన వంటయింటిలోనికి ఏ దారిని వచ్చుచున్నది? గోడమీది గొట్టములో దాగియున్న తీగ గుండ. ఆ తీగలోని లోహము అనేక గృహములలో పెన్సిలు ములుకు కంటెను సన్ననిది. ఆనకట్ట ఎంత గొప్పదైనను ఇంటివారికి దక్కునది ఆ తీగ మోయగలిగినంత మాత్రమే. కావున కరెంటు పొయ్యి కొనగోరువారు అంగడి కంటె ముందు తమ ఇంటి గోడను చూడవలెను. ఎట్లు చూడవలెనో ఒక కుటుంబమును ఊహించుకొని తెలిసికొందము.

దేవరకొండ ప్రాంతమున ఒక పల్లె. అందు ముప్పది ఏండ్ల నాడు కట్టిన ఒక ఇల్లు. ఆ ఇంట కట్టెల పొయ్యి పొగకు నాయనమ్మ రాత్రులందు నిద్ర లేక దగ్గుచుండును. గ్యాసు ఉన్నను, సిలిండరు అయిపోయిన నాడు మరల ఆ పొగపొయ్యియే గతి. తల్లి పత్తి ఏరిన కూలిలో కొంత కొంత దాచి, కరెంటు పొయ్యి కొనవలెనని నిశ్చయించినది. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తెను వెంటబెట్టుకొని పట్టణమునకు పోయి ధరలు విచారించి వచ్చినది.

“2000 వాట్ల పొయ్యి తెత్తము, బిడ్డా. పెద్దదైనచో వంట త్వరగా అగును గదా!” అని తల్లి పలికినది.

“తెచ్చుటకు ముందు మన బోర్డును, తీగలను చూపించుకొనవలెనమ్మా.”

“పొయ్యి కొనుటకు గోడను చూచుట యెందులకే?”

అప్పుడు బాలిక తాను బడిలో నేర్చిన లెక్కను తల్లికి చెప్పినది. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. పొయ్యి మీద వ్రాసియున్న వాట్లను 230చే భాగించినచో అది ఎన్ని ఆంపియర్ల ప్రవాహమును లాగునో తెలియును. అన్నము వండు 700 వాట్ల కుక్కరు సుమారు 3 ఆంపియర్లు లాగును. 1200 వాట్ల ఇండక్షను పొయ్యి 5.2 ఆంపియర్లు, 2000 వాట్లది 8.7 ఆంపియర్లు లాగును. 7000 వాట్ల పెద్ద పొయ్యి అయినచో 30 ఆంపియర్లకు మించి లాగును. కనుకనే అట్టివాటికి మీటరు నుండి లావుపాటి తీగను వేరుగా వేయవలసియుండును.

ఇక గోడమీది ప్లగ్గులు రెండు విధములు. చిన్నది 6 ఆంపియర్లకును, పెద్దది 16 ఆంపియర్లకును తగినవి. పాత బోర్డులపై ఇవియే 5, 15 అని కనబడును. వారి వంటయింట నున్నది చిన్న ప్లగ్గు ఒక్కటే. 6 ఆంపియర్లను 230చే గుణించినచో 1380 వాట్లు. అంతకు మించిన దానిని ఆ ప్లగ్గునకు తగిలింపరాదు. ఆ తీగ మీదనే దీపములు, పంకా, మిక్సీ కూడ నడచుచున్నవి గనుక, 1200 వాట్ల పొయ్యికి సైతము అచ్చట చోటు లేదు.

తల్లి కొంతసేపు ఆలోచించినది. “అనగా మన చెరువు కింది పంటకాలువ వంటిదన్నమాట. చెరువు నిండుగనే యుండును. కాని పిల్లకాలువ మీదికి తూము పూర్తిగా ఎత్తినచో గట్టు తెగిపోవును” అని పలికినది.

ఆమె పోలిక సరియైనదే. అయితే ఒక భేదము గలదు. కాలువ గట్టు తెగినచో నీరు కంటికి కనబడును. తీగలోని వేడి గోడలో దాగియుండును. జేమ్స్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రవేత్త 1841లో ఒక నియమమును ప్రకటించెను. తీగలో ప్రవాహము రెండింతలైనచో అందు పుట్టు వేడి నాలుగింతలగును; మూడింతలైనచో తొమ్మిదింతలగును. కుక్కరు నడచిన తీగ మీదనే 2000 వాట్ల పొయ్యిని నడిపినచో ఆ తీగలో ఎనిమిది రెట్లకు పైగా వేడి పుట్టును. మొదట ప్లగ్గు నల్లబడును. పిదప తీగ మీది తొడుగు మెత్తబడి పగులును. తుదకు తీగలు ఒకదానినొకటి తాకి నిప్పు పుట్టవచ్చును. అతుకు వదులుగా నున్నచోట ఈ కీడు మరింత త్వరగా కలుగును. పాత ఇండ్లలోని అల్యూమినియపు తీగలు అదే లావు గల రాగి తీగల కంటె తక్కువ ప్రవాహమునే మోయగలవు.

ఈ ప్రమాదమును ఆపుటకే ఫ్యూజు ఏర్పడినది. ప్రవాహము మితిమీరినప్పుడు ఫ్యూజు తీగ తాను కరగి ఇంటిని కాపాడును. కొందరు అది మాటిమాటికి పోవుచున్నదని విసుగుచెంది లావుపాటి తీగను చుట్టుదురు. కాపలాకుక్క మొరుగుచున్నదని దాని నోరు కట్టివేయుట యెంత తెలివియో ఇదియు నంతయే!

మరునాడు వారు అనుమతి పత్రము గల ఎలక్ట్రీషియనును పిలిపించిరి. అతడు మెయిను ఆపి, బోర్డు విప్పి చూచెను. తీగ సన్ననిది, ప్లగ్గు వెనుక అప్పటికే ఒక చోట నలుపెక్కినది. పిమ్మట అతడు పెరటిలోని ఎర్తు గుంటను చూపుమనెను. దాని సంగతియే ఇంటివారు మరచిపోయియుండిరి.

మూడు కాళ్ల ప్లగ్గులో లావుగా, పొడవుగా నుండు కాలు ఎర్తుది. పొయ్యి యొక్క లోహభాగమునకు పొరపాటున విద్యుత్తు సోకినచో, అది మనిషి గుండ గాక ఈ తీగ గుండ భూమిలోనికి పోవలెను. అట్లు పోవుటకు నేల తేమగా నుండవలెను. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో చాలచోట్ల పైన పలుచని ఎర్ర చెలక నేల, క్రింద గట్టి నల్లరాయి. వేసవిలో ఆ నేల బీటలు వారునట్లు ఎండును. ఎండిన నేల విద్యుత్తునకు సులభముగ దారి ఇయ్యదు. అందువలన ఇచ్చట ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, వేసవియందు నీరు పోయుచుండుట మరింత అవసరము. దీనికి తోడు 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినంతనే సరఫరాను ఆపివేయు ఆర్.సి.సి.బి. అను పరికరమును అమర్చుకొనుట మేలు.

వోల్టేజిని గురించియు అతడు హెచ్చరించెను. బోరుబావుల మోటార్లన్నియు ఒక్కసారి తిరుగు వేళ పల్లెలలో వోల్టేజి తగ్గుట కలదు. 230 వోల్టుల వద్ద 1000 వాట్లనిచ్చు తీగచుట్ట పొయ్యి, 180 వోల్టుల వద్ద దాదాపు 610 వాట్లనే ఇచ్చును. అప్పుడు వంట ఆలస్యమగును. ఇండక్షను పొయ్యిలలో చాలవరకు వోల్టేజి మరీ తగ్గినచో వాటంతట అవియే ఆగిపోవును.

ఇండక్షను పొయ్యికి గిన్నెల పరీక్ష కూడ కలదు. దాని అడుగున నున్న తీగచుట్ట, గిన్నెలోనే వేడిని పుట్టించును. ఈ కార్యమునకు మూలమైన సూత్రమును 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. గిన్నె అడుగు అయస్కాంతమునకు అంటుకొనునదై, చదునుగా నుండవలెను. మనవారు సిల్వరు గిన్నెలని పిలుచు మామూలు అల్యూమినియపు గిన్నెలు, రాగి, ఇత్తడి పాత్రలు, మట్టి కుండలు దానిపై పనికిరావు. జొన్నరొట్టె కాల్చు ఇనుప పెనము చదునైనచో పనికివచ్చును. అడుగు గుండ్రనిదైనచో రాదు. బాలిక అయస్కాంతముతో చూడగా ఆ ఇంట మూడు పాత్రలు మాత్రమే తగినవిగ తేలినవి.

తుదకు కరెంటు బిల్లును తీసి చూచిరి. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ఇచ్చు బిల్లుపై కాంట్రాక్టెడ్ లోడు అని ఒక అంకె యుండును. వారిది 1 కిలోవాటు. ఇంటిలోని దీపములు, పంకాలు, టీవీ, మిక్సీ కలసి 800 వాట్లు. 1200 వాట్ల పొయ్యి చేరినచో మొత్తము 2 కిలోవాట్లు. 2000 వాట్లది చేరినచో దాదాపు 3 కిలోవాట్లు. దేనికైనను ముందుగా రుసుము చెల్లించి లోడు పెంచుకొనవలెను.

తల్లి దాచిన సొమ్మును ముందుంచుకొని లెక్క చూచినది. 2000 వాట్ల పొయ్యి కొన్నచో తీగకు, ఎర్తునకు ఏమియు మిగులదు. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, “చిన్న పొయ్యియే తెత్తము. మిగిలిన సొమ్ము గోడకు పెట్టుదము” అన్నది. మీటరు బోర్డు నుండి వంటయింటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేరుగా వచ్చినది. దానికి ప్రత్యేకముగ ఒక ఎం.సి.బి.యు, 16 ఆంపియర్ల ప్లగ్గును అమరినవి. ఎర్తు గుంట బాగుపడినది. లోడు పెరిగిన పిమ్మటనే ఐ.ఎస్.ఐ. గుర్తు గల 1200 వాట్ల పొయ్యి ఆ ఇంట అడుగుపెట్టినది.

ఆ రాత్రి అన్నము ఉడుకుటకు కొంచెము ఎక్కువసేపు పట్టినది. ఇంట పొగ లేదు. నాయనమ్మ పొయ్యి దాపున కూర్చుండి, “మంట ఏదే?” అని వింతగా అడిగినది. బాలిక లేచి ప్లగ్గు ప్రక్క గోడపై చేయి ఉంచి చూచినది. గోడ చల్లగా నున్నది.

విద్యార్థులారా! వస్తువు వెల అంగడివాడు చెప్పును. దానిని భరింపగల శక్తి మన ఇంటికి గలదో లేదో మనమే తెలిసికొనవలెను. మీరు బోర్డులను విప్పరాదు, తీగలను తాకరాదు. కాని పొయ్యి మీది వాట్లను చదువవచ్చును, లెక్క వేయవచ్చును, పెద్దలకు చెప్పవచ్చును.

ప్రశ్నలు

1. పొయ్యి కొనుటకు ముందు గోడను చూడవలెనని బాలిక యేల చెప్పినది?
2. తల్లి చెప్పిన పంటకాలువ పోలికను వివరింపుడు. తీగకును కాలువకును గల భేదమేమి?
3. 1500 వాట్ల పొయ్యి ఎన్ని ఆంపియర్లు లాగును? దానికి ఏ ప్లగ్గు తగును?
4. మెట్ట ప్రాంతములలో ఎర్తు గుంటను వేసవిలో తడుపుట యేల అవసరము?
5. తల్లి చిన్న పొయ్యిని ఎన్నుకొనుట ఉచితమేనా? మీ అభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుడు.