అవయవ మార్పిడి - మాతృత్వం

పరుల అవయవంతో ప్రాణం నిలుపుకొన్న స్త్రీ తల్లి కాగలదా? ఈ ప్రశ్నకు సమాధానం చాలా కాలం క్రిందటనే లభించింది. అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన ఎడిత్ హెల్మ్ అను యువతికి 1956లో బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే మూత్రపిండ మార్పిడి చేశారు. మూత్రపిండాన్ని దానమిచ్చినది ఆమె కవల సోదరి వాండా ఫోస్టర్. 1958 మార్చిలో ఎడిత్ మగశిశువును ప్రసవించింది. అవయవ మార్పిడి పిదప తల్లి అయిన తొలి స్త్రీ ఆమెయే.

అయితే ఆమెకు గల సౌకర్యం అందరికీ ఉండదు. ఆ సోదరీమణులు ఏకరూప కవలలు. కావున ఎడిత్ దేహం ఆ మూత్రపిండాన్ని పరాయిదిగా ఎంచలేదు. ఇతరుల విషయంలో దేహం కొత్త అవయవాన్ని తిరస్కరించ జూస్తుంది. దానిని అణచడానికి నిత్యం మందులు వాడవలసిందే. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఈ మందులలో మైకోఫెనొలేట్ అనునది గర్భస్రావానికి, శిశువులో అవయవ లోపాలకు కారణం కావచ్చు. కావున గర్భధారణకు కనీసం ఆరు వారాల ముందే వైద్యులు దానిని మాన్పించి, సాధారణంగా అజాథయోప్రిన్ ఇస్తారు. టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ వంటివి గర్భకాలంలోను కొనసాగుతాయి.

మార్పిడి జరిగి కనీసం ఒక సంవత్సరం గడవాలనీ, ఆ సంవత్సరంలో తిరస్కార లక్షణాలు కనబడరాదనీ, రక్తపోటు అదుపులో ఉండాలనీ, మూత్రపిండం నిలకడగా పనిచేస్తుండాలనీ వైద్యులు చెబుతారు. వ్యాధి వలన ఆగిన ఋతుక్రమం మార్పిడి తరువాత కొద్ది నెలలకే తిరిగి రావచ్చు. కనుక గర్భనిరోధక జాగ్రత్త మొదటి నుండియే అవసరం. అన్ని జాగ్రత్తలు తీసుకొన్నను రక్తపోటు పెరగడం, నెలలు నిండక పూర్వమే కాన్పు కావడం ఇట్టివారిలో అధికం. అందుచేత మూత్రపిండ వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు కలిసి పర్యవేక్షించాలి.

మన ఇండ్లలో "ఇంకా విశేషమేమీ లేదా?" అని పెద్దలు కోడలిని ప్రేమతోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు వెరచి వ్యవధి పాటించని స్త్రీ ఉండవచ్చు. బిడ్డకు కీడు కలుగునేమోనని తనంతట తానే మందులు మానివేసే తల్లీ ఉండవచ్చు. రెండూ ప్రమాదకరములే. మందులు మానిన అవయవం చెడిపోవచ్చు. అప్పుడు తల్లికీ ముప్పే, బిడ్డకూ ముప్పే. ఏ మందు మార్చాలో నిర్ణయించవలసినది వైద్యుడు.

విద్యార్థినీ విద్యార్థులారా! రేపు మీరే భర్తలు, వదినలు, ఆడపడుచులు అవుతారు. మీ ఇంట ఇట్టి స్త్రీ ఉన్నచో, ఆమెకు ఆ ఒక్క సంవత్సరం వ్యవధిని ప్రశ్నింపక ఇవ్వండి. 'నిదానమే ప్రధానం' అన్న మన నానుడి ఆమె పట్ల ఔషధంతో సమానం.