స్వల్ప వ్యాధిగ్రస్తులకు గ్రామముననే సంరక్షణ

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను విశ్వవ్యాప్త మహమ్మారిగా పేర్కొన్నది. 2021 వేసవిలో అది పల్లెలకును పాకినపుడు అనేక ఆసుపత్రులలో పడకలు చాలలేదు. నాడు నేర్చిన పాఠమును పంచాయతీ సభ్యులు మరువరాదని మా మనవి.

వ్యాధి సోకినవారిలో అధికసంఖ్యాకులు స్వల్ప లక్షణములతోనే కోలుకొనిరి. వారందరును ఆసుపత్రికి పరుగెత్తినచో, ఊపిరాడని రోగికి పడక దొరకదు. అందుచే 2021 మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ గ్రామములకు ప్రత్యేక మార్గదర్శకములను వెలువరించినది. విడిగా గది ఉన్నవారు ఇంటనే ఉండవలెననియు, వసతి లేనివారికి పాఠశాల, పంచాయతీ భవనము వంటి చోట కనీసము 30 పడకల కేంద్రమును ఏర్పరుపవచ్చుననియు అందు సూచించిరి.

ఇంట నుంచుట యనగా విడిచిపెట్టుట కాదు. కొందరికి ఆయాసము తోచకమునుపే రక్తములో ప్రాణవాయువు తగ్గును. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు దీనిని తెలుపును. అంకె 94 కంటె తగ్గినచో, రోగి బాగుగనే యున్నానన్నను, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఈ పరికరములను ఆశా కార్యకర్తల ద్వారా కుటుంబములకు ఎరువిచ్చి, తిరిగి వచ్చిన పిదప శానిటైజరుతో తుడిచి, వేరొకరికి ఇయ్యవచ్చును.

వెలివేతకు వెరచి జ్వరమును దాచుకొనువాడు తనకును, ఇరుగుపొరుగులకును కీడు చేయును. ఆ భయమును పోగొట్టువారు మీరే. అట్టి యింటి గుమ్మము ముందు పాలు, వెచ్చములు ఉంచి, ఉదయము సాయంత్రము దూరమునుండి పలుకరింపుడు.

ఏ భవనము వాడదగును, రాత్రివేళ ఏ వాహనము దొరకును, పరికరములు ఎవరి వద్ద నుండును అను మూడింటిని ఆపద రాకమునుపే తీర్మానపు పుస్తకమున వ్రాసియుంచుడు.