ఇంటిల్లిపాదికి బలమిచ్చు కలగూర పప్పు



ఆశ్వయుజ, కార్తీక మాసములు వచ్చుసరికి అచ్చంపేట ప్రాంతపు పెరళ్ళలో సొర, బీర, గుమ్మడి, చిక్కుడు కాపుమీద ఉండును. పుంటికూర, తోటకూర, గంగవాయిలికూర చేతికందు దూరములోనే దొరకును. చల్క చేలలో కంది ఏపుగా పెరుగుచుండును. అయితే నిరుటి కందులన్నియు అమ్మివేసిన ఇంటిలో ఈ రోజులలోనే పప్పు పలుచనగును. కూరలు పుష్కలముగా ఉన్నపుడు పప్పు కొరవడుట తగునా?

పప్పు ఎందులకు?

నూరు గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాములు, కందిపప్పులో సుమారు 22 గ్రాములు మాంసకృత్తులు గలవు. జొన్నలలోను, బియ్యములోను తక్కువగా ఉండు లైసిన్ పప్పులో సమృద్ధిగా ఉన్నది. పప్పులో తక్కువగా ఉండు మెథియొనిన్ ధాన్యములో లభించును. కనుక రొట్టెతోనో, అన్నముతోనో పప్పు తినిన, ఒకదాని లోటును మరొకటి తీర్చును.

జొన్నలే ముఖ్యాహారమైన దక్కను ప్రాంతపు పేదలలో పూర్వము పెలాగ్రా అను వ్యాధి కనిపించెడిది. ఎండ తగులు చోట చర్మము నల్లబడి పొరలు లేచెడిది. జొన్నలకు, ఈ వ్యాధికి గల సంబంధమును హైదరాబాదు పరిశోధకులు డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్య 1960లో ప్రకటించిరి. నేడు ఆ వ్యాధి అరుదు. అయినను పాఠము పాతబడలేదు: ఒక్క ధాన్యముతో కడుపు నిండును గాని దేహమునకు పుష్టి చాలదు.

వండు విధము (ఐదుగురికి)

కందిపప్పు 200 గ్రాములు, గుమ్మడి, సొర, చిక్కుడు కలిపి అరకిలో, ఏదేని ఆకుకూర రెండు గుప్పిళ్ళు, నిమ్మకాయంత చింతపండు కావలెను.

1. పప్పును రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టవలెను. వంటచెరకు ఆదా అగును.

2. నాలుగింతల నీటిలో పసుపు, చెంచా నూనె వేసి మెత్తగా ఉడికించవలెను. త్వరగా ఉడుకునని వంటసోడా వేయరాదు. దానివలన బి1 విటమిను నశించును.

3. కూరగాయలను ముందు కడిగి, తరువాత తరుగవలెను. ముక్కలను పప్పులో వేసి మూతపెట్టి ఉడికించవలెను. ఆ నీటిని పారబోయరాదు.

4. ఆకుకూరను చివర వేసి ఐదు నిమిషములు ఉంచిన చాలును.

5. పప్పు, ముక్కలు మెత్తబడిన తరువాతనే చింతపులుసు, ఉప్పు వేయవలెను. పులుపు ముందే తగిలిన పప్పు ఉడకదు.

6. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకులతో పోపు పెట్టవలెను.

తినునపుడు నిమ్మరసము పిండుకొనిన ఆకుకూరలోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనము వెంటనే టీ త్రాగిన అది తగ్గును.

పసిబిడ్డ వాటా

ఆరు నెలలు నిండిన బిడ్డకు చింతపులుసు, ఉప్పు వేయకముందే కొంత పప్పు తీసి, అన్నముతో మెదిపి పెట్టవలెను. పైన తేలిన కట్టు మాత్రమే పోయుట చాలదు. బలమంతయు అడుగున ఉన్న ముద్దపప్పులోనే ఉన్నది. గర్భిణులకు, బాలింతలకు కూడ చివరకు మిగిలినది కాక, గట్టి పప్పునే వడ్డించవలెను.

గాదె లెక్క

దినమునకు 200 గ్రాముల చొప్పున ఏడాదికి 73 కిలోల పప్పు కావలెను. నూరు కిలోల కందులను విసిరిన సుమారు 70 కిలోల పప్పు వచ్చును. అనగా ఐదుగురున్న ఇంటికి క్వింటాలుకు కొంచెము పైగా కందులు కావలెను. పుష్య, మాఘ మాసములలో పంట ఇంటికి వచ్చినపుడు ముందు ఈ భాగమును తీసిపెట్టి, మిగిలినదే అంగడికి తోలుడు. విసిరిన పప్పును బాగుగా ఎండబెట్టి, కొలదిగా ఆముదము పట్టించి, గాలి చొరని డబ్బాలలో ఉంచిన పురుగు పట్టదు. వండుటకు ముందు బాగుగా కడుగవలెను.

పండించిన చేతులకు తమ పంటలో మొదటి వాటా దక్కవలెను. ఈ యేడు కంది కోతనాడే మీ ఇంటి పప్పు లెక్క వేసికొనుడు.