పలక తుడిచే ముందు

సింగరాయకొండలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి కోడలు పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది. మొదట పుస్తకంలో రాసేది. తర్వాత ఇంట్లో కంప్యూటర్ కొన్నారు. లెక్కలన్నీ అందులోకి ఎక్కించింది. ఎవరు ఎంత దాచుకున్నారు? ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు? ఎన్ని వాయిదాలు కట్టారు? అన్నీ అందులోనే ఉన్నాయి. పుస్తకంలో రాయడం మానేసింది.

ఒకరోజు పొద్దున్నే మీట నొక్కింది. తెర వెలగలేదు. మర్నాడు బ్యాంకులో లెక్క చూపించాలి. ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

"ఏందమ్మా, అట్టా కూర్చున్నావు?" అని అత్త అడిగింది.

"కంప్యూటర్ చెడిపోయిందత్తా. పది మంది డబ్బు లెక్క అందులోనే ఉంది."

"పొలంలో మోటారు తిరగకపోతే ఏం చేస్తాం? ముందు కరెంటు ఉందో లేదో చూస్తాం. తర్వాత తీగ చూస్తాం. ఇదీ అంతే. మొదటి నుంచి చూసుకుంటూ రా."

అత్త చెప్పింది నిజం. కంప్యూటర్ కూడా ఒక యంత్రమే. వరసగా చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

ముందు ఏం చూడాలి?

1. కరెంటు: ఆ ప్లగ్గులో ఫోను చార్జర్ పెట్టి చూడండి. ఫోనుకు చార్జింగ్ ఎక్కితే ప్లగ్గు బాగున్నట్లే.

2. తీగలు: స్విచ్ ఆపండి. తీగలను ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. ఊడ్చేటప్పుడు తగిలి తీగలు వదులవుతాయి.

3. తెర: పెట్టెలో ఫ్యాను తిరుగుతోందా? అయినా తెర నల్లగా ఉందా? అయితే తెరకు వచ్చే తీగను చూడండి.

4. చప్పుడు: బీప్ బీప్ అని మోగితే లోపల మెమరీ ముక్క కదిలి ఉండవచ్చు. పని తెలిసిన వాళ్ల చేత తీయించి, తుడిపించి, మళ్లీ పెట్టించండి.

5. దుమ్ము: మన దగ్గర పత్తి నూగు, మిరప దుమ్ము ఎక్కువ. అది ఫ్యానుకు పడితే పెట్టె వేడెక్కుతుంది. కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతుంది. ప్లగ్గు తీసేసి పొడి కుంచెతో దులపాలి. తడిగుడ్డ పెట్టకూడదు.

6. తేదీ: తీసిన ప్రతిసారీ తేదీ తప్పుగా చూపిస్తే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినట్లు. అది రూపాయి బిళ్లంత ఉంటుంది. కొత్తది వేస్తే సరిపోతుంది.

కోడలు వరసగా చూసింది. తెర తీగ వదులైంది. గట్టిగా పెట్టగానే తెర వెలిగింది. కానీ కంప్యూటర్ పూర్తిగా తెరుచుకోలేదు. మళ్లీ మళ్లీ మొదటికే వస్తోంది. మెకానిక్కును పిలిచారు.

"విండోస్ పాడైంది. ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కిస్తాను" అన్నాడు అతను.

"ఫార్మాట్ అంటే ఏంది నాయనా?" అని అత్త అడిగింది.

"పలక తుడిచినట్టు పెద్దమ్మా. ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెడతాం."

"మరి మా లెక్కలు?"

"అవీ పోతాయి."

"అయితే ఆగు. ముందు మా లెక్కలు బయటికి తీసిపెట్టు. తర్వాత పలక తుడువు."

మెకానిక్ హార్డ్ డిస్కును విప్పాడు. రాసినవన్నీ నిలవ ఉండేది దానిలోనే. దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించాడు. లెక్కలన్నీ దొరికాయి. ఆ రోజు అత్త అడగకపోతే పది మంది లెక్క పోయేది.

ప్రతిసారీ ఇలా దొరకవు. హార్డ్ డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటే వెంటనే ఆపేయండి. మాటిమాటికీ వేసి చూడకండి. ఉన్నది కూడా పోవచ్చు. యంత్రం పోతే కొనుక్కోవచ్చు. రాసుకున్నది పోతే ఏ అంగట్లోనూ దొరకదు. అందుకే బాగున్నప్పుడే కాపీ తీసిపెట్టుకోవాలి.

కాపీలే కాపాడాయి

వేమన పద్యాలు మనందరికీ తెలుసు. ఒకప్పుడు అవి తాటాకుల మీద ఉండేవి. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు అధికారి ఆ ప్రతులను సేకరించారు. పండితుల చేత తిరగరాయించారు. ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి చూశారు. 1829లో పద్యాలను అచ్చు వేయించారు. ఒకే ప్రతి ఉండి, దాన్ని చెదలు తినేసి ఉంటే ఏం మిగిలేది?

1998లో అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తీస్తోంది. పొరపాటున సినిమా ఫైళ్లు చెరిగిపోయాయి. సంస్థ తీసిపెట్టుకున్న కాపీలు చూస్తే అవి సరిగా లేవు. అక్కడ గాలిన్ సుస్మన్ అనే ఆమె పనిచేసేది. ఆమెకు చంటిబిడ్డ. అందుకని ఇంటి నుంచి పనిచేసేది. ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంది. ఆ కంప్యూటర్‌కు దుప్పట్లు చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చారు. ఫైళ్లు చాలావరకు దొరికాయి.

పెద్ద సంస్థకే అట్టా జరిగింది. కాపీ ఉంటే చాలదు. అది తెరుచుకోవాలి.

మనం ఏం చేయాలి?

• మూడు చోట్ల ఉంచండి. ఒకటి కంప్యూటర్‌లో. ఒకటి పెన్‌డ్రైవ్‌లో గానీ విడి డిస్కులో గానీ. మూడోది ఇల్లు దాటి ఉండాలి. అది గూగుల్ డ్రైవ్ కావచ్చు, నమ్మకమైన వాళ్ల ఇల్లు కావచ్చు. తుపాను వచ్చినా, దొంగలు పడినా ఒకటి మిగులుతుంది.

• ఒకే కంప్యూటర్‌లో రెండు చోట్ల దాచితే రెండు కాపీలు కావు. అది పోతే రెండూ పోతాయి.

• కాపీ తీశాక పెన్‌డ్రైవ్ ఊడదీసి పెట్టండి. వైరస్ పడితే తగిలించి ఉన్నది కూడా చెడిపోతుంది.

• నెలకొకసారి కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

• లెక్కలు పది మందివి. పాస్‌వర్డ్ బయటివాళ్లకు చెప్పకండి.

ఇప్పుడు ఆ కోడలు సంఘం సమావేశం అయిన రోజే కాపీ తీస్తుంది. తేదీ వేసి దాస్తుంది. పుస్తకంలో కూడా రాస్తుంది. పడుకునే ముందు అత్త అడుగుతుంది: "కాపీ తీశావా? తెరిచి చూశావా?"

ఆలోచించండి

1. మెకానిక్ ఫార్మాట్ చేస్తానంటే ముందు ఏం అడగాలి?

2. మీ సంఘం లెక్కలు ఎన్ని చోట్ల ఉన్నాయి? ఈసారి సమావేశంలో అడిగి తెలుసుకోండి.