ఛాయాచిత్రానికి కవచం

1915 నవంబరు 2వ తేదీన, అంటార్కిటికాను ఆనుకొని ఉన్న వెడ్డెల్ సముద్రంలో, మంచుగడ్డల నడుమ నలిగి సగం మునిగిన ఒక నౌకలోనికి ముప్పై ఏళ్ల యువకుడొకడు తిరిగి ప్రవేశించాడు. నౌక పేరు ఎండ్యూరెన్స్. యువకుని పేరు ఫ్రాంక్ హర్లీ. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరానికి చెందిన అతడు, ఎర్నెస్ట్ షాకిల్టన్ నాయకత్వాన బయలుదేరిన ధ్రువయాత్రా బృందానికి ఛాయాగ్రాహకుడు. నౌక ఏ క్షణాన అడుగంటుతుందో ఎవరికీ తెలియదు. హర్లీ గోడపలకలను గొడ్డలితో నరికి, నడుము వరకు దుస్తులు విప్పి, మంచుతునకలు తేలుతున్న నీటిలో మునిగి, లోపల చిక్కుకొన్న పెట్టెలను పైకి లాగాడు. ఆ పెట్టెలలో ఉన్నవి బంగారమో, ఆహారమో కావు; గాజుపలకలపై నిలిచిన ఛాయాచిత్రాలు.

ఆ కాలంలో ఛాయాచిత్రమంటే చాలవరకు గాజుపలకయే. పలకపై జెలటిన్ పూత, ఆ పూతలో వెండి లవణాలు ఉండేవి. వెలుగు సోకిన చోట లవణం మార్పు చెంది, రసాయనాలలో కడిగినప్పుడు రూపం బయటపడేది. ఇంతటి శ్రమతో ఏర్పడిన రూపానికి శత్రువులు అనేకం. నేలపై పడితే గాజు పగులుతుంది. నీరు చేరితే జెలటిన్ ఉబ్బి, గాజును వీడి ఊడివస్తుంది. ఉప్పునీరైతే చెప్పనవసరమే లేదు. ఈ సంగతి బాగుగా ఎరిగిన హర్లీ, పలకలను రేకుపెట్టెలలో ఉంచి, మూతల అంచుల వెంబడి టంకం వేసి మూసివేశాడు. నౌకలోకి సముద్రం చొరబడినా పెట్టెలోకి చొరబడలేదు. నాలుగడుగుల మంచునీటి కింద ఉన్న పలకలు పొడిగానే బయటికి వచ్చాయి.

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురయింది. 1915 జనవరిలో మంచులో చిక్కుకొన్న నౌకను అక్టోబరు 27న విడిచిపెట్టవలసి వచ్చినప్పుడు, ఒక్కొక్కరు రెండు పౌన్ల బరువుకు మించి సొంత వస్తువులు ఉంచుకోరాదని షాకిల్టన్ ఆజ్ఞాపించాడు. అంటే కిలోకంటె కొంచెం తక్కువ. పడవలను మంచుపై ఈడ్చుకొంటూ పోవలసిన మనుషులకు ప్రతి తులమూ బరువే. (పాటలు ప్రాణం నిలుపుతాయని భావించి, ఒక సభ్యుని బాంజో వాద్యానికి మాత్రం షాకిల్టన్ మినహాయింపు ఇచ్చాడు. కఠినమైన నియమంలోనూ ఇంత విచక్షణ చూపినవాడు కనుకనే అతడు నాయకుడయ్యాడు.) గాజుపలకలు ఐదువందలకు పైగా ఉన్నాయి. నవంబరు 9న షాకిల్టన్, హర్లీ మంచుపై కూర్చొని వాటిని ఒకటొకటిగా చూశారు. సుమారు 120 పలకలు ఉంచదగినవిగా నిర్ణయించారు. తక్కిన సుమారు 400 పలకలను హర్లీ అక్కడికక్కడే పగులగొట్టాడు. వాటిని అలాగే వదిలివేస్తే మళ్లీ మనసు మారి వెనుకకు వస్తానేమోనని అతని భయం. తన చేతులతో కడిగి, ఆరబెట్టి, చీకటిగదిలో నెలల తరబడి కాపాడిన పలకలను తానే నేలకు కొట్టడం ఎంతటి వేదనో ఊహింపదగినదే.

ఎంపికైన పలకలను తిరిగి రేకుపెట్టెలో ఉంచి టంకం వేశారు. బరువైన కెమెరాలన్నీ మంచుపైనే మిగిలిపోయాయి. హర్లీ వద్ద మిగిలినవి జేబులో పట్టే చిన్న కొడాక్ కెమెరా, మూడు చుట్ల ఫిల్ము. నవంబరు 21న నౌక పూర్తిగా మునిగిపోయింది. తరువాత ఐదు నెలలు మంచుగడ్డలపై జీవనం, ఆపై తెరచిన పడవలలో ప్రయాణం. 1916 ఏప్రిల్ 15న బృందం ఎలిఫెంట్ దీవిని చేరింది. షాకిల్టన్ ఐదుగురితో కలిసి సహాయం కోసం మరొక సాహసయాత్ర చేయగా, తక్కిన 22 మంది బోర్లించిన పడవల కింద నాలుగున్నర నెలలు గడిపారు. ఆగస్టు 30న చిలీ దేశపు నౌక యెల్చో వచ్చి వారిని రక్షించింది. ఎండ్యూరెన్స్‌లోని 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. రేకుపెట్టె కూడా వారి వెంట వచ్చింది. అంటార్కిటికా రాత్రిలో దీపకాంతిలో మెరిసే నౌక, మంచులో ఒరిగిన తెరచాపకొయ్యలు, కుక్కల బళ్లు, మనుషుల ముఖాలు నేటికీ లోకం చూడగలుగుతున్నదంటే అందుకు కారణం కొంత హర్లీ ధైర్యం, కొంత టంకపు మాటు.

అయితే పెట్టె నీటినుండి కాపాడగలదు గాని, మనిషి చేతినుండి కాపాడలేదు. ఎలిఫెంట్ దీవినుండి షాకిల్టన్ పడవ బయలుదేరుతున్నప్పుడు తీరాన నిలిచినవారు చేతులూపుతున్న చిత్రాన్ని, పిమ్మట దిద్ది, రక్షకనౌక రాకను చూపే చిత్రంగా ప్రచురించారు. వీడ్కోలు చిత్రం స్వాగతచిత్రమయింది! ఈ విషయంలో చరిత్రకారుల నింద సబబైనదే.

మంచుదేశపు మరొక ఉదాహరణ ఇక్కడ స్మరించదగినది. 1897 జూలైలో స్వీడన్ దేశస్థుడు ఆండ్రే మరి ఇద్దరు సహచరులతో బెలూనులో ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. మూడు రోజులకే బెలూను మంచుపై దిగిపోయింది. వారు నడచి నడచి క్విటోయా అనే దీవిని చేరి అక్కడే మరణించారు. 33 ఏళ్ల తరువాత, 1930లో, వారి అవశేషాలతో పాటు స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిల్ములూ దొరికాయి. స్టాక్‌హోంలో జాన్ హెర్ట్‌జ్‌బెర్గ్ అనే నిపుణుడు వాటిని జాగ్రత్తగా కడిగి 93 చిత్రాలను బయటికి తీశాడు. ఇక్కడ చలియే సగం పెట్టె పని చేసింది. అదే ఉష్ణదేశపు తేమలో ఆ ఫిల్ములు అన్నేళ్లు పడివుంటే, బూజు తప్ప మరేమీ మిగిలేది కాదు.

టంకం వేసిన పెట్టెకు ఒక పెద్ద లోపం ఉంది. మూసిన తరువాత దానిని తెరవాలంటే కోయాలి. మళ్లీ మూయాలంటే నిప్పు కావాలి. ఘడియకొకమారు కెమెరాను తీసి, పెట్టవలసిన ఛాయాగ్రాహకునికి అది ఉపయోగపడదు. క్షణంలో తెరుచుకొని, క్షణంలో మూసుకొని, మూసినప్పుడు టంకం వలె నీటిని నిరోధించే పెట్టె కావాలి. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో వచ్చిన ప్లాస్టిక్ గట్టిపెట్టెలు ఈ కొరతను తీర్చాయి. ఈ రంగంలో పేరెన్నికగన్న పెలికాన్ సంస్థను 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డేవ్ పార్కర్ తన ఇంటి కారుషెడ్డులో ప్రారంభించాడు. పెట్టె ఎప్పుడు విరిగినా మార్చి ఇస్తామని వాగ్దానం చేసిన ఆ సంస్థ, సొరచేప కాటుకు, ఎలుగుబంటి దాడికి, ఐదేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం ఆ హామీ వర్తించదని చమత్కరించడం కొనుగోలుదారులకు సుపరిచితం.

ఈ పెట్టెల నిర్మాణంలో గమనింపదగినది, నీటిని ఆపే భాగం ఎంత చిన్నదన్న సంగతి. గోడలు పాలిప్రొపిలీన్ వంటి గట్టి ప్లాస్టిక్‌తో, బలం కోసం పక్కటెముకల వంటి గట్లతో పోతపోసి ఉంటాయి. మూత అంచున గాడిలో ఒక రబ్బరు వలయం ఉంటుంది. బిగింపు కొక్కేలు వేసినప్పుడు ఆ వలయం నలిగి, మూతకూ పెట్టెకూ నడుమ సందు లేకుండా నిండుతుంది. అంతే. వేల రూపాయల పెట్టెకు ప్రాణం ఈ రబ్బరు తీగలోనే ఉంది. దానిపై ఒక ఇసుకరేణువో, వెంట్రుకో పడితే చాలు, నీటికి దారి దొరుకుతుంది. సముద్రతీరంలో పనిచేసేవారు పెట్టె మూసే ముందు వలయాన్ని మెత్తని గుడ్డతో తుడవడం ఇందుకే.

లోపలి స్పంజు పని వేరు. పెట్టె కిందపడినప్పుడు దెబ్బ గోడకు తగులుతుంది. కెమెరా మాత్రం స్పంజు నలిగే కొద్దిపాటి కాలంలో నెమ్మదిగా ఆగుతుంది. ఆగే వ్యవధి పెరిగితే తగిలే బలం తగ్గుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులను వెనుకకు లాగడంలోని సూత్రమే ఇది. కనుక కెమెరాకూ గోడకూ నడుమ స్పంజు తగినంత మందాన ఉండాలి. చోటు కలిసివస్తుందని కటకాలను ఒకదానికొకటి తగిలేలా కుక్కితే, ఎంత గట్టి పెట్టె అయినా వ్యర్థమే.

పెట్టెలపై ఐ.పి. 67 అనే గుర్తు తరచుగా కనబడుతుంది. ఇందులో 6 అనే అంకె ధూళి ఏమాత్రం చొరబడదని, 7 అనే అంకె ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హాని కలిగించేంత నీరు చేరదని తెలుపుతాయి. అంతకుమించిన లోతుకు ఈ గుర్తు హామీ ఇవ్వదు. అయితే పడవ నుండి జారిన పెట్టె సాధారణంగా అంత లోతుకు పోదు. 50 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 20 ఎత్తు గల పెట్టె నీట మునగాలంటే 35 లీటర్ల నీటిని తొలగించాలి. కెమెరాలతో కలిపి దాని బరువు 12 కిలోలే అయితే, అది గోదావరిలో పడినా మూడింట రెండు వంతులు నీటిపైనే తేలుతుంది.

గాలి చొరబడని పెట్టెకు గాలితోనే ఒక చిక్కు ఉంది. ఎగిరే విమానంలో గాలిపీడనం దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండేంతకు తగ్గుతుంది. అక్కడ మూసిన పెట్టెను నేలపైకి దిగాక తెరవబోతే, బయటి గాలి మూతను నొక్కిపట్టి ఉంచుతుంది. పైన చెప్పిన కొలతల పెట్టె మూతపై ఆ ఒత్తిడి నాలుగు వందల కిలోల బరువును మించుతుంది! ఈ బాధను నివారించడానికి పెట్టెకు ఒక చిన్న కవాటం అమర్చుతారు. కొన్నింటిలో దానిని చేతితో విప్పాలి. కొన్నింటిలో గాలిని పోనిచ్చి నీటిని ఆపే సన్నని పొర ఉండి, దానంతటదే పనిచేస్తుంది.

కోస్తా జిల్లాల ఛాయాగ్రాహకులకు ఇంతకంటె పెద్ద శత్రువు తేమ. కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో వానకాలపు ఉదయాన గాలిలో తేమ 80 శాతం దాటడం సామాన్యం. ఆ గాలితోపాటే కెమెరాను పెట్టెలో మూస్తే, తేమకు పెట్టె రక్షణ కల్పించినట్లవుతుంది. కటకంపై చేరిన దుమ్ము, వేలిముద్రల జిడ్డు ఆహారంగా బూజు పెరుగుతుంది. సాలెగూటి వంటి దాని పోగులను తుడవవచ్చు గాని, అది విసర్జించే ఆమ్లం గాజు పూతపై చేసిన గీత పోదు. కనుక పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచాలి. రంగు మారిన గుళికలను సన్నని వేడిపై ఆరబెడితే తిరిగి పనికివస్తాయి. తడిసిన కెమెరాను ఆరనీయకుండా పెట్టెలో పెట్టరాదు. నెలల తరబడి వాడనప్పుడు స్పంజు పెట్టెకంటె, తేమను 45 శాతం వద్ద నిలిపే బీరువా మేలు. అది కొనలేనివారికి, బిగుతు మూతగల వంటింటి ప్లాస్టిక్ డబ్బా, గుప్పెడు సిలికా జెల్ చాలు. ధర తక్కువని దీనిని చిన్నచూపు చూడనవసరం లేదు.

మంచుపై నిలిచి హర్లీ కెమెరాలను వదిలాడు, పలకలను ఉంచుకొన్నాడు. నేటి ఛాయాగ్రాహకులు చాలామంది ఇందుకు విరుద్ధంగా వ్యవహరిస్తున్నారు. లక్షల విలువ గల కెమెరాను గట్టిపెట్టెలో భద్రపరచి, పెళ్లి చిత్రాలన్నీ ఉన్న మెమొరీ కార్డును అదే పెట్టె మూలన పడవేస్తారు. పెట్టె దొంగిలింపబడితే రెండూ పోతాయి. కెమెరాను మరల కొనవచ్చు; ఆ పెళ్లిని మరల జరిపించలేరు. అనుభవజ్ఞులు కార్డులకు అగ్గిపెట్టెంత వేరే డబ్బా వాడి, దానిని పెట్టెలో గాక చొక్కా జేబులో ఉంచుకొంటారు. రాత్రి బసకు చేరగానే, భోజనానికి ముందే, ఇంకొక ప్రతిని తీసి మరొకరి సంచిలో వేస్తారు.