స్టాండు మీద మైకు గట్టిగా నిలవాలంటే



వార్షికోత్సవాల కాలం వచ్చేసింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ప్రాంగణాల్లోనూ సాయంత్రం పూట రిహార్సల్స్ జోరుగా సాగుతున్నాయి. వేదిక పనుల్లో మేమూ చేయి వేస్తామని మీలో కొందరు ముందుకొచ్చారు. అందుకే ఈ నెల పాఠం మీకోసం, మీతో పాటు మీ పిల్లల కోసం. విషయం చాలా చిన్నది: మైకును స్టాండుకు బిగించడం. మైకుసెట్టు వాళ్లు చూసుకుంటారులే అనిపించవచ్చు. వాళ్లు ఉదయం వచ్చి ఒకసారి బిగించి వెళ్లి మిక్సరు దగ్గర కూర్చుంటారు. ఆ తర్వాత నలభై మంది పిల్లలు ఆ స్టాండును ముట్టుకుంటారు.

ఇలా ఊహించండి. నాలుగో తరగతి పాప వేమన పద్యం చెప్పడానికి వచ్చి నిలబడింది. మొదటి పాదం బాగానే వినిపించింది. రెండో పాదానికి మైకు తల మెల్లగా వాలడం మొదలైంది. పాప దాని వెంట కాస్త వంగింది. మూడో పాదానికి ఇంకాస్త వంగింది. ముందు వరుసలో కూర్చున్న అవ్వ పక్కకు తిరిగి, "ఏందబ్బా, ఏమీ వినపల్యా" అంది. పాప ఆ మాట విని ఆగిపోయింది. ఇంటికెళ్లాక మనం తేల్చేది ఒకటే: "మా పాపకు స్టేజి భయం." ఆ ముద్ర కొన్నిసార్లు పదో తరగతి దాకా వెంట వస్తుంది. నిజానికి ఆ రోజు వదులైంది పాప ధైర్యం కాదు, క్లిప్పు పక్కనున్న చిన్న స్క్రూ.

సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు తెలుగు పాఠాలు చెప్పిన ఊరు ప్రొద్దుటూరు. ఆయన నోట శివతాండవం విన్నవాళ్లు ఇప్పటికీ ఆ గొంతు గురించే మాట్లాడతారు. అలాంటి గొంతుకు మైకు ఉన్నా లేకపోయినా ఒకటే. ఎనిమిదేళ్ల పిల్లల గొంతు మైదానం చివరి కుర్చీ దాకా పోవాలంటే మాత్రం మైకు నోటి ముందు, కదలకుండా ఉండి తీరాలి.

కదిలితే ఏమవుతుందో లెక్కతో చూద్దాం. నోటికి మైకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. అది జారి 20 సెంటీమీటర్లకు పోతే దూరం రెట్టింపయింది. నోటి నుంచి నేరుగా చేరే ధ్వని తీవ్రత సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంజినీర్ల భాషలో 6 డెసిబెల్స్ తగ్గినట్టు. అది గమనించి మిక్సరు దగ్గరి మనిషి వాల్యూమ్ పెంచుతాడు. అప్పుడు మైకు పాప గొంతుతో పాటు స్పీకరు మోతనూ ఎక్కువగా లాగుతుంది. ఆ మోత మళ్లీ స్పీకర్లోకి పోయి, మళ్లీ మైకులోకి వచ్చి, 'కీ...' మని కూత మొదలవుతుంది. పైగా వేదికల మీద వాడే మైకులు ఎక్కువగా ఎదురుగా వచ్చే ధ్వనినే తీసుకుంటాయి, వెనక వైపు ధ్వనిని చాలావరకు వదిలేస్తాయి. తల వాలిందంటే మైకు ముఖం నేల మీది స్పీకరు వైపు తిరగవచ్చు. మైకుసెట్టు బాగాలేదని అందరూ విసుక్కునే కూతల్లో కొన్నింటికి అసలు కారణం వదులు క్లిప్పే. పిల్లలు మైకు జాలీని గుప్పిట మూసి పట్టుకున్నా ఇదే కూత వస్తుంది, అది కూడా ఇంట్లోనే చెప్పి పంపండి.

ఇక బిగింపు సంగతి. స్టాండు పైకొసన మర ఉంటుంది, క్లిప్పు అడుగున దానికి సరిపోయే బొక్క ఉంటుంది. గోలంతా ఎక్కడంటే ఈ మరకు ప్రపంచంలో ఒకే కొలత లేదు. అమెరికా పద్ధతిలో మర 5/8 అంగుళాల లావు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, అంగుళానికి 27 చుట్లు. యూరప్ పద్ధతిలో 3/8 అంగుళాలు, అంటే 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 చుట్లు. కెమెరా ట్రైపాడ్ మీదిది మూడోరకం, పావు అంగుళం. బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు 1841లోనే మరలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని ప్రతిపాదించాడు. అయినా ఈ మూడూ ఈనాటికీ పక్కపక్కనే బతుకుతున్నాయి. మన దగ్గర ఒకే పెట్టెలో రెండు రకాల స్టాండ్లు, రెండు రకాల క్లిప్పులు కలిసిపోయి ఉంటాయి.

ఈ తేడాను సర్దడానికి చిన్న ఇత్తడి ఉంగరం లాంటి అడాప్టరు వస్తుంది. దాని బయట 5/8 మర, లోపల 3/8 మర ఉంటాయి. కొత్త క్లిప్పు కొన్నప్పుడు చాలాసార్లు అది లోపలే ఉంటుంది. సన్న మర ఉన్న స్టాండయితే అడాప్టరును క్లిప్పులోనే ఉంచాలి, లావు మరయితే తీసేయాలి. దాని ముఖం మీద గాడి ఉంటే అందులో నాణెం పెట్టి కుడివైపు తిప్పి, అంచుకు సమంగా దిగేదాకా బిగించండి. ఈ చిన్నపని చేయకపోతే క్లిప్పు విప్పినప్పుడు అడాప్టరు స్టాండు మీదే ఉండిపోతుంది. అది ఎవరికీ కనిపించదు. తర్వాత వచ్చినవాళ్లు ఇంకో క్లిప్పు తెచ్చి, ఎక్కడం లేదని నల్ల టేపు చుడతారు.

టేపు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మైకును నిలబెట్టే పని టేపుకు అప్పగించకండి. ఇన్సులేషన్ టేపు సాగుతుంది. మన ఎండకు దాని జిగురు కరిగి జారుతుంది. చుట్టినప్పుడు గట్టిగా ఉన్నది మధ్యాహ్నానికి వదులవుతుంది, మైకుకు బంక అంటుకుంటుంది.

బిగించే పద్ధతి ఇది. క్లిప్పును మర మీద నిటారుగా ఆనించండి. వెంటనే కుడివైపు తిప్పకండి. ముందు ఎడమవైపు నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒకచోట 'టక్' మని చిన్నగా కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. మర మొదలూ బొక్క మొదలూ ఎదురుపడిన చోటు అదే. అక్కడి నుంచి కుడివైపు తిప్పితే వెన్నలా దిగుతుంది. అడ్డంగా ఎక్కితే మొదటి చుట్టులోనే బిగిసిపోతుంది. గట్టిగా ఉందని మనం మురిసిపోతాం, లోపల ప్లాస్టిక్ చుట్లు కోసుకుపోతుంటాయి. సన్నచుట్ల మరలో ఒక చుట్టుకు క్లిప్పు దిగేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి కనీసం ఐదారు చుట్లు హాయిగా దిగాలి. చివర వేళ్లతో ఒక బిగువు చాలు, పట్టుకారు వద్దు. కొనేటప్పుడు అడుగున లోహపు మర ఉన్న క్లిప్పు అడగండి, కొంచెం ధర ఎక్కువైనా ఏళ్ల తరబడి వస్తుంది.

బాగా బిగించినా కార్యక్రమం మధ్యలో ఎందుకు వదులవుతుందంటే, ఒకరు మాట్లాడి వెళ్లాక ఇంకొకరు వచ్చి మైకును పట్టుకుని తమవైపు తిప్పుకుంటారు. ఎడమకు తిప్పిన ప్రతిసారీ మర కాస్త విప్పుకుంటుంది. వంగే మెడగొట్టం ఉన్న పోడియం మైకులకూ ఇదే జబ్బు. పిల్లలకు ఒక్కమాట నేర్పండి: తిప్పాలంటే మైకును కాదు, కింద స్టాండును పట్టుకుని తిప్పాలి.

క్లిప్పుకు పక్కన ఇంకో స్క్రూ ఉంటుంది, తల పైకీ కిందికీ వంచే కీలు దగ్గర. మన నాలుగో తరగతి పాపను ఆపింది ఇదే. ఇది నిలబడేది ఘర్షణ మీద, పిల్లల సైన్సు పుస్తకంలోని ఆ ఘర్షణే. కీలులో నూనె, చెమట చేరితే పట్టు పోతుంది. పొడిగుడ్డతో తుడిచి స్క్రూడ్రైవరుతో బిగించండి.

క్లిప్పు నోరు మైకు ఒంటికి సరిపోవాలి. ప్రపంచమంతా వేదికల మీద కనిపించే ష్యూర్ ఎస్ఎం58 మైకు 1966లో వచ్చింది, దాని బరువు 298 గ్రాములు. ఒళ్లు కింద సన్నగా, పైకి లావుగా ఉంటుంది. వైరులేని మైకులో బ్యాటరీలు, ట్రాన్స్‌మిటరు ఉంటాయి కాబట్టి ఒళ్లంతా లావుగా ఉంటుంది. సన్న క్లిప్పులోకి దాన్ని తోస్తే ప్లాస్టిక్ చీలుతుంది. లావు క్లిప్పులో సన్న మైకు పెడితే వంచగానే కిందపడుతుంది. బట్టల క్లిప్పులా నొక్కితే తెరుచుకునే స్ప్రింగు రకం రెంటికీ పనికొస్తుంది, కానీ హుషారైన పాటకు మైకు ఊగితే అందులోంచి జారే అవకాశం ఉంది. పరీక్ష తేలిక: కింద చేయి అడ్డుపెట్టి, మైకు ముఖాన్ని నేలకు వంచి, స్టాండును రెండుసార్లు నెమ్మదిగా ఊపండి. చేతిలో పడితే ఆ క్లిప్పు పక్కన పెట్టేయండి.

నాటకాలకు, కూర్చుని పాడే పిల్లలకు అడ్డచేయి ఉన్న బూమ్ స్టాండు వాడతారు. ఇక్కడ ప్రొద్దుటూరు బంగారు అంగడిలోని తక్కెడను గుర్తు చేసుకోండి. రెండు వైపులా చేతులు సమానం కాబట్టి సమాన బరువులతో నిలుస్తుంది. బూమ్‌లో చేతులు సమానం కావు. కీలు నుంచి 75 సెంటీమీటర్ల దూరంలో 300 గ్రాముల మైకు ఉంటే, వెనక 15 సెంటీమీటర్ల దూరంలో దాన్ని నిలబెట్టడానికి కిలోన్నర బరువు కావాలి. గొట్టం సొంత బరువు పక్కనపెట్టి చెప్తున్న లెక్క ఇది. వెనక అంత బరువు లేకపోతే భారమంతా కీలు పిడి మీదే పడుతుంది. కాబట్టి అడ్డచేతిని అవసరమైనంత కంటే ముందుకు లాగకండి. మైకు కొసను వేలితో కొద్దిగా కిందికి నొక్కి చూడండి. పిడి బిగిసే దిక్కున లాగుతుంటే మంచిది. విప్పుకునే దిక్కున లాగుతుంటే అడ్డచేతిని అవతలి వైపుకు మార్చి బిగించండి. పులివెందుల అరటి తోటల్లో గెల వాలిన దిక్కున ఊతకర్ర పెడతారు కదా, అలాగే స్టాండు మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా మైకు కొస కింద ఉండాలి. రెండు కాళ్ల మధ్య ఖాళీలోకి కొస వస్తే చిన్నపిల్లాడి భుజం తగిలినా స్టాండు ముందుకు బోర్లా పడుతుంది. అది పడేది ముందు వరుసలో కూర్చున్న ఎల్‌కేజీ పిల్లల మీద.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు వేదికలకు ఎక్కువగా కడప బండలే పరుస్తారు. నున్నటి బండ మీద స్టాండు కాళ్లకు రబ్బరు తొడుగులు లేకపోతే రెండు నష్టాలు: స్టాండు జారుతుంది, పిల్లల అడుగుల దబదబ ఇనుప గొట్టం ఎక్కి మైకులోకి పోతుంది. తొడుగు పోయి ఉంటే పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టినా సరిపోతుంది. చెక్కబల్లల వేదికయితే కార్పెట్ కింద బల్లల సందుల్లో కాలు దిగకుండా చూడండి. ఆరుబయట గాలికి కాళ్ల మీద చిన్న ఇసుక సంచి వేస్తే చాలు.

వైరును మైకు నుంచి నేరుగా వేలాడదీయకుండా గొట్టానికి రెండు చుట్లు చుట్టి, అడుగున గుడ్డపట్టీతో వదులుగా కట్టాలి. ఎవరి కాలైనా తగిలితే లాగుడు స్టాండు అడుగున ఆగాలి, పైన మైకు దాకా పోకూడదు. స్టాండూ మైకూ లోహమే కాబట్టి ఇంకొక్క మాట. ఆంప్లిఫయరుకు మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలి. సాకెట్లో పట్టడం లేదని మూడో పిన్ను విరిచేసిన బోర్డును వేదిక దగ్గరికి రానివ్వకండి. లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. నాట్యం చేసే పిల్లలు వట్టికాళ్లతో ఉంటారు. మైకు ముట్టుకుంటే 'జివ్వు' మందని ఏ బిడ్డ చెప్పినా, నవ్వేసి ఊరుకోకుండా వెంటనే మెయిన్ ఆపించండి.

ఎత్తు విషయంలో పిల్లల కోసం ఒక సలహా. ముఖ్య అతిథికి పెట్టిన ఎత్తునే యూకేజీ పిల్లాడికీ దించుతూ, మళ్లీ పెంచుతూ ఉంటే బిగింపు అరుగుతుంది, పిల్లాడు కంగారుపడతాడు. రెండు స్టాండ్లు పెట్టండి, ఒకటి పెద్దలకు, ఒకటి చిన్నవాళ్లకు. మైకు నోటికంటే కొంచెం కింద ఉండి, ముఖం నోటివైపు చూడాలి. అలా అయితే మాటా వినిపిస్తుంది, ఫొటోలో ముఖమూ కనిపిస్తుంది. ఎత్తు మార్చేటప్పుడు ఒక చేత్తో పై గొట్టాన్ని పట్టుకున్నాకే రెండో చేత్తో పిడి వదులు చేయండి. లేకపోతే గొట్టం దబ్బున దిగి వేళ్లు నలుగుతాయి. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లలకు అప్పగించవద్దు.

ఈ ఆదివారం ఇంట్లో పిల్లలతో రెండు ప్రయోగాలు చేయండి. నీళ్లసీసా మూతను కావాలనే వంకరగా ఎక్కించి చూపించండి, తర్వాత ఎడమకు తిప్పి 'టక్' మన్నాక ఎక్కించమనండి. రెండోది: సీసాలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే ఇంచుమించు ఒక మైకంత బరువు. దాన్ని మీటరు కర్రకు కట్టి, కర్ర ఒక కొసను పిల్లలను పట్టుకోమనండి. సీసాను చేతికి 20 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి, 80 దగ్గర ఒకసారి కట్టండి. బరువు అదే, మణికట్టు మీద పడే భారం మాత్రం నాలుగు రెట్లు. బూమ్ స్టాండు కీలు పడే కష్టం వాళ్లకు చేతిలోనే తెలుస్తుంది.

కార్యక్రమం అయ్యాక విప్పేటప్పుడు ముందు వైరు, తర్వాత మైకు, ఆఖరున స్టాండు. పిడులన్నీ వదులు చేశాకే కాళ్లు మడవండి, బిగువు మీద మడిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. అడాప్టర్లను విడిగా ఒక చిన్న డబ్బాలో వేసి, మూత మీద ఎన్ని ఉన్నాయో రాసి, ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్లండి.